సొర రెక్క సరే, సొర సంగతేమిటి?

సొర రెక్కల ఎగుమతిని మన ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో నిషేధించింది. ఏ జాతి సొరదైనా సరే, రెక్క దేశం దాటకూడదంది. అంతకు ముందు, 2013 ఆగస్టులో, సముద్రంలోనే రెక్కలు కోసుకుని మొండేన్ని నీళ్లలోకి తోసెయ్యడం కుదరదని, సొరను రెక్కలతో సహా ఒడ్డుకు తేవాలని పర్యావరణ మంత్రిత్వశాఖ చెప్పింది. రెండూ మంచి ఉత్తర్వులే. సొర గండం గడిచిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు కూడా. ఇన్నేళ్ల తర్వాత ఏ తెల్లవారుజామునో కాకినాడ కుంభాభిషేకం రేవుకో, విశాఖ ఫిషింగ్ హార్బరుకో వెళ్లి నిలబడి చూడండి. సొరలు వస్తూనే ఉన్నాయి. కాకపోతే ఒకప్పటి కంటే చిన్నవి వస్తున్నాయి.

నేను ఈ రేవులకు బ్యాంకు పని మీద అలవాటు పడ్డవాణ్ణి. తీరప్రాంతపు బ్రాంచీల్లో ఫీల్డ్ ఆఫీసరుగా పడవలకు, వలలకు, ఇంజన్లకు అప్పులిచ్చాను, వసూలు చేశాను. రిటైరై కాకినాడలోనే ఉండిపోయాను కాబట్టి రేవుకు పోయే అలవాటు పోలేదు. చేపల శాస్త్రం నేను చదవలేదు. ఏ బోటు ఎందుకు సముద్రంలోకి పోతుందో, ఏం తెస్తే దాని డీజిలు ఖర్చు తిరిగొస్తుందో కాగితం మీద వేసి చూడటం మాత్రం నా వృత్తి. సొర గురించి నా అభిప్రాయం ఆ లెక్కలోంచి వచ్చిందే. రెక్క మీద పెట్టిన నిషేధం ఎగుమతి వ్యాపారి చెయ్యి పట్టుకుంది. సొరను పట్టే వలను గానీ, సొరను తినే మనల్ని గానీ అది తాకనేలేదు.

లోకం మొత్తం లెక్క చూసినా ఇదే కనబడుతుంది. కెనడా శాస్త్రవేత్త బోరిస్ వార్మ్, ఆయన సహచరులు ఏడాదికి సుమారు పది కోట్ల సొరలు మనుషుల చేతుల్లో చస్తున్నాయని 2013లో అంచనా కట్టారు. 2024లో మరో లెక్క బయటపెట్టారు. దాని ప్రకారం 2012లో 7.6 కోట్లున్న చావులు 2019కి 8 కోట్లకు పెరిగాయి. (లెక్కకట్టే పద్ధతి వేరు, కాబట్టి దీన్ని పాత పది కోట్లతో కలిపి తగ్గిందనుకోకూడదు.) అందులో రెండున్నర కోట్లు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులవి. రెక్కలు కోయడాన్ని నిషేధిస్తూ దేశదేశాల్లో వరసగా చట్టాలు వచ్చిన కాలం అది. చట్టాలు పెరిగాయి, చావులూ పెరిగాయి. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. రెక్క ఒక్కటే తేవద్దు, మొత్తం చేపను తెమ్మన్నారు. మొత్తం చేప వచ్చింది. వచ్చిన మాంసాన్ని పారెయ్యరు కదా, దానికో మార్కెట్టు పుట్టింది. 2012 నుంచి 2019 వరకు సొర, టేకు (రే) చేపల మాంసం మీద ప్రపంచ వ్యాపారం సుమారు 260 కోట్ల డాలర్లయితే, రెక్కల వ్యాపారం 150 కోట్ల డాలర్లు. అమ్మేవాళ్లలో ముందు వరుసలో స్పెయిన్, తినేవాళ్లలో బ్రెజిల్. చైనావాడి రెక్కల సూపు గిన్నెను తిట్టుకుంటూ కూర్చుంటే ఈ రెండు పేర్లూ మనకు తట్టవు. మన పేరు అసలే తట్టదు. సొరలు పట్టే దేశాల్లో ఇండోనేషియాతో పాటు ముందు వరుసలో ఉండేది మనం.

సూపు గిన్నె పాపం లేదనడం లేదు. తొంభైల్లో ఆ గిన్నె మా రేవుల్ని ఎలా తిప్పిందో చూశాను. సొర మాంసం అప్పట్లో అగ్గువ. దాని ఒంట్లో యూరియా ఉంటుంది. చచ్చాక కొంతసేపటికి అది అమ్మోనియా అయి ముక్కుపుటాలు అదిరిపోతాయి. ఐసు సరిగ్గా వెయ్యకపోతే ఎండబెట్టి ఉప్పుచేప చెయ్యడం తప్ప దారిలేదు. అందుకని వంజరానికీ చందువకీ ఉన్న గౌరవం సొరకు ఉండేది కాదు. అలాంటి చేపకు ఒక్కసారిగా రెక్కల బేరగాళ్లు వచ్చారు. వీపు మీది రెక్క, పక్కల రెండు రెక్కలు, తోక కింది ముక్క కలిపితే ఒక సెట్టు. సెట్టు చెడకుండా కోసి, ఎండబెట్టి, రకాలుగా వేరుచేసి, చెన్నైకో కొచ్చికో పంపేవారు. అక్కణ్ణుంచి సింగపూరు, హాంకాంగ్. కిలో మాంసం ధరకూ కిలో ఎండు రెక్క ధరకూ పొంతనే ఉండేది కాదు. కొన్ని బోట్లలో రెక్కల డబ్బు ఓనరు ఖాతాలో పడేదే కాదు. కలాసీలు విడిగా పంచుకునేవారు. అప్పు దరఖాస్తులో ఆదాయం రాసేటప్పుడు ఓనరు రెక్కల మాట ఎత్తడు. నేను అడిగితే "అది కుర్రోళ్ల టీ ఖర్చులండి" అనేవాడు. ఆ టీ ఖర్చులతో కుర్రాళ్లు ఇంటికి పెంకు తీసి స్లాబులు వేసుకోవడం కూడా చూశాను. వాళ్లకు డబ్బు వచ్చిందని నాకేం బాధ లేదు. ఎన్నాళ్లు వస్తుందన్నదే నా ప్రశ్న.

ఇంతా చేసి ఆ రెక్కలో రుచి లేదు. రెక్కలో ఉండే సన్నటి పోగుల్ని సేమియాలా వేరుచేసి సూపులో వేస్తారు. రుచంతా కోడి పులుసుది. పెళ్లివిందులో ఆ గిన్నె పెట్టకపోతే పరువు తక్కువని అక్కడివాళ్ల బాధ. బాస్కెట్‌బాల్ ఆటగాడు యావ్ మింగ్ 2006లో ఆ సూపు తాగనని ప్రచారానికి దిగాడు. చైనా ప్రభుత్వం తన అధికారిక విందుల్లోంచి దాన్ని తీసేసింది. వాడకం కొంత తగ్గింది, వ్యాపారం మాత్రం ఆగలేదు. 2020లో హాంకాంగ్ కస్టమ్స్ వాళ్లు ఈక్వడార్ నుంచి వచ్చిన రెండు కంటెయినర్లు తెరిస్తే 26 టన్నుల రెక్కలు బయటపడ్డాయి. దాదాపు 38,500 సొరలవి. మనదగ్గర చూస్తే, ఎగుమతి నిషేధం వచ్చిన మూడేళ్లకు, 2018 సెప్టెంబరులో, రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు ముంబైలోనూ గుజరాత్‌లోనూ ఎనిమిది వేల కిలోల రెక్కలు పట్టుకున్నారు. నిషేధం తర్వాత ఒడ్డున మత్స్యకారుడికి రెక్క ధర పడిపోయింది. దొంగతనంగా దాటించేవాడికి లాభం మిగిలింది. ఇలాంటి నిషేధాల్లో నష్టం ఎప్పుడూ కింది మెట్టు మీద ఉన్నవాడిదే.

ఇక సొరకూ మిగతా చేపలకూ ఉన్న తేడా సంగతి. దీన్ని నాకు తెలిసిన భాషలో చెబుతాను. ఏ చేపనైనా బ్యాంకులో వేసిన అసలు అనుకోండి. ఏటా పుట్టే పిల్లలు వడ్డీ. కవ్వలు, కానాగంతల్లాంటి వాటికి వడ్డీ రేటు చాలా ఎక్కువ. వేలకు వేలు గుడ్లు పెడతాయి, ఏడాది రెండేళ్లలో ఈడుకొస్తాయి. కాస్త ఎక్కువ తీసినా మళ్లీ పూడుకుంటుంది. సొర అలా కాదు. చాలా జాతులు గుడ్లు నీళ్లలో వదలవు, పిల్లల్నే కంటాయి. నెలల తరబడి మోస్తాయి. అట్లాంటిక్‌లో దొరికే ఒక చిన్న ముళ్ల సొర దాదాపు రెండేళ్లు మోస్తుంది. ఏనుగు చూలు గురించి విన్నాం గానీ చేప చూలు ఇంత కాలమని ఎవరనుకుంటారు? పుట్టేది పదో, ఇరవయ్యో. ఆ పుట్టినవి మళ్లీ కనే వయసుకు రావడానికి కొన్ని జాతుల్లో పదేళ్లు దాటాలి, కొన్నిట్లో ఇరవై. వడ్డీ ఇంత తక్కువున్న ఖాతాలోంచి రోజూ తీస్తూ పోతే తీసేది అసలే. పాసుపుస్తకంలో కొన్నేళ్లు అంకెలు బాగానే కనిపిస్తాయి. అదే మోసం.

ఆ మోసం కొత్తది కాదు. 1930ల చివర్లో కాలిఫోర్నియా తీరంలో ఒక రకం సొర కాలేయంలో విటమిన్ ఎ దండిగా ఉందని తేలింది. అంతలో యుద్ధం వచ్చి యూరప్ నుంచి కాడ్ లివర్ ఆయిల్ రాక ఆగిపోయింది. సొర ధర ఆకాశానికంటింది. పడవున్న ప్రతివాడూ సొర వేటకు దిగాడు. పదేళ్లు తిరక్కముందే సొరలు తరిగిపోయాయి. విటమిన్ ఎ ఫ్యాక్టరీల్లో తయారవడం మొదలయ్యాక ఆ వేటను అందరూ మరిచిపోయారు. అదే యుద్ధకాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ ఫిషరీస్ శాఖ కూడా కోజికోడ్‌లో సొర కాలేయం నూనె తీయించింది. మన కోస్తా జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. మనవాళ్ల పడవలు అప్పటికింకా తెడ్డుతో, తెరచాపతో నడుస్తున్నాయి కాబట్టి సొర బతికిపోయింది. దానిమీద ఎవరికో దయ కలిగి కాదు. పడవకు ఇంజను పడ్డాక, ఐసు దొరికాక, నైలాను వల వచ్చాక ఆ రక్షణ పోయింది. ఆ ఇంజన్లకూ వలలకూ అప్పులిచ్చిన బ్రాంచీల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ మాట నాకు బాగా తెలుసు.

సముద్రం మధ్యలో తిరిగే సొరలు, టేకులు 1970 నుంచి 71 శాతం తగ్గాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మొత్తం జాతుల్లో మూడో వంతుకు పైగా ప్రమాదంలో ఉన్నాయి. సొరలు పోతే సముద్రమే చచ్చిపోతుందని చెప్పి నేను భయపెట్టను. అంత పెద్ద మాట తేల్చవలసింది శాస్త్రవేత్తలు. నాకు చాలిన కారణం చిన్నది. ఈ ఒడ్డున ఒక చేపను పట్టి బతికిన ఇళ్లున్నాయి. ఆ చేప పోతే ఆ బతుకు పోతుంది. చేపను కాపాడటమంటే ఆ బతుకును కాపాడటం. ఈ రెంటినీ విడదీసి చేసిన చట్టం నిలవదు.

విడదీసి చేస్తే ఏమవుతుందో 2001 చెబుతుంది. ఆ జూలైలో కేంద్రం సొరలు, టేకులు, రంపపు సొరలు అన్నింటినీ కట్టగట్టి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వేసింది. పులి, ఏనుగు ఉన్న జాబితా అది. ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం పడితే, సముద్రంలో వల వేసి ఉన్నవాడు ఒడ్డుకొచ్చేసరికి నేరస్థుడయ్యాడు. కన్యాకుమారి జిల్లా తూత్తూరు మత్స్యకారుల సంగతి చెప్పాలి ఇక్కడ. వాళ్లంత సొర వేటగాళ్లు దేశంలో లేరు. గాలాలు కట్టిన పొడుగాటి తాళ్లతో వారాల తరబడి అరేబియా సముద్రం అంచుల దాకా పోయి వేటాడి, కొచ్చి తోప్పుంపడి రేవులో దిగుతారు. వాళ్ల మొత్తం బతుకు ఒక్క ఉత్తర్వుతో చట్టవిరుద్ధమైంది. గోల చేశారు, చెయ్యకేం చేస్తారు. డిసెంబరుకల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గి జాబితాను పది జాతులకు కుదించింది. అన్నీ వేసి, గోల కాగానే దాదాపు అన్నీ తీసేశారు. రెండుసార్లూ వల వేసేవాణ్ణి ముందుగా కూర్చోబెట్టి మాట్లాడింది లేదు.

ఆ పదిలో ఒకటి పాండిచ్చేరి సొర. కొన్ని దశాబ్దాలుగా శాస్త్రవేత్తల చేతికి దొరకని చేప, ఉందో పోయిందో తేలని చేప. కాకినాడ దగ్గర గోదావరి ముఖద్వారంలో అది కనిపించిందని 2016లో పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివి మర్నాడు రేవులో గంపల వైపు చూశాను. మూరెడు, మూరెడున్నర సొరలు బూడిద రంగులో ఒకదానిమీద ఒకటి. అందులో ఏది ఏ జాతో చెప్పగలిగినవాళ్లు ఆ రేవులో ఎవరున్నారు? ఫిషరీస్ ఉద్యోగి కూడా పుస్తకం తీసి, పళ్లు, రెక్క అంచులు చూస్తే గానీ చెప్పలేడు. 2022లో చట్టాన్ని సవరించి మరిన్ని సొరల్ని, టేకుల్ని షెడ్యూళ్లలో చేర్చారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. పేర్లన్నీ ఇంగ్లిషులో, లాటిన్‌లో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువును చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతికవేల జరిమానా. ఈ సంగతి చెబుతుంటే గంప ముందు కూర్చున్న ఒకావిడ నవ్వింది. "బాబుగారూ, వల్లో పడ్డదాన్ని నీ పేరేటని అడిగి తెత్తారా ఎవరైనా?" అంది. ఆవిణ్ణి అజ్ఞానురాలనేవాడు ముందు ఆ షెడ్యూలు చదివి, ఆ గంపలోంచి ఒక్క చేపను సరిగ్గా పోల్చి చూపించాలి.

బాగా జరిగిన చోటు ఒకటుంది, గుజరాత్‌లో వేరావల్. అక్కడ ఒకప్పుడు వేల్ షార్క్‌ను, అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చేపను, కొక్కేలకు డ్రమ్ములు కట్టి అలిసిపోయేదాకా లాగించి చంపేవారు. కాలేయం నూనె చెక్క పడవలకు పూయడానికి, మాంసం విదేశాలకు. ఆ చేప మనిషినేమీ చెయ్యదు. నోరు తెరుచుకుని నీళ్లలోని సన్నటి నలుసుల్ని వడగట్టుకు తింటుంది. మైక్ పాండే తీసిన డాక్యుమెంటరీ తర్వాత 2001 మే నెలలో దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చారు. చేర్చి ఊరుకుంటే ఏమయ్యేదో తెలియదు, ఊరుకోలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి మురారి బాపును తీసుకొచ్చారు. ఆయన రామకథ చెప్పే మనిషి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచును చంపుకుంటామా అని ఆ మత్స్యకారుల్ని అడిగాడు. మాట ఒక్కటే అయితే కొన్నాళ్లకు చల్లారిపోయేది. దాని వెనక డబ్బు పెట్టారు. చేపను వదలడానికి వల కోసుకుంటే పాతికవేల వరకు పరిహారం. కోసినట్టు రుజువుగా ఫొటో తీసుకోవడానికి కెమెరాలిచ్చారు. అధికారి వచ్చి చూసేదాకా ఆగనక్కర్లేదు, మత్స్యకారుడి ఫొటో చాలు. నా ఉద్యోగంలో నేను చూసిన పరిహారాల్లో సగం, రుజువు తెమ్మని తిప్పడంలోనే ఆరిపోయేవి. ఇక్కడ రుజువు తెచ్చే పనిని బాధితుడి చేతికే ఇచ్చి, అతని మాట నమ్మారు. ఆ తీరంలో వందల వేల్ షార్క్‌లు బతికి సముద్రంలోకి తిరిగి పోయాయి. చంపిన చేతులే వదిలాయి.

మన దగ్గరా వదిలారు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలలో పడ్డ భారీ వేల్ షార్క్‌ను మత్స్యకారులు, అటవీశాఖవాళ్లు కలిసి లోతు నీళ్లలోకి మళ్లించి పంపారు. వీడియో ఊరంతా తిరిగింది. మావాళ్లకు మనసు లేదనేవాళ్లకు అది జవాబు.

మాల్దీవుల్లో 2010లో సొర వేటనే నిషేధించారు, మనం ఎందుకు మానకూడదని కొందరు అడుగుతారు. అక్కడ సొరను చూడటానికి లోకమంతా డబ్బిచ్చి నీళ్లలో దూకుతుంది. బతికున్న సొర అక్కడ హోటలు గదిని నింపుతుంది. ఉప్పాడ బురదనీళ్లలో దూకి సొరను చూసేదెవరు? ఒక ఊరి మందు మరో ఊరికి రాయకూడదు.

మన తీరానికి కావలసింది వేరు. మొదటిది, ఉన్న చట్టాన్ని అమలు చేయడం. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994 నాటిది. తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదలాలి, మరబోట్లు రాకూడదు. పడవవాళ్ల పొట్ట కోసం పెట్టిన నియమం ఇది, కానీ సొరకు ఇంతకంటే మేలు చేసే నియమం లేదు. చాలా సొరల పిల్లలు పెరిగేది ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లలో, నదుల ముఖాల దగ్గర. అక్కడ బోటు అడుగు వల లాగితే పుట్టిన నెలకే గంపలోకొస్తాయి. రాత్రిపూట ఎనిమిది కిలోమీటర్లలోపల బోట్ల దీపాలు ఒడ్డు మీద నిలబడ్డ ఎవరికైనా కనిపిస్తాయి. అధికారులకూ కనిపిస్తాయి. బోటు ఓనర్లకు ఇది రుచించదని నాకు తెలుసు, వాళ్లలో కొందరు నా పాత ఖాతాదారులు. "మేనేజరుగారూ, డీజిలు మీరు పోస్తారా?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధకాలంలో కుటుంబానికి ఇరవైవేల భృతి ఇస్తున్న ప్రభుత్వం, వల కోసి రక్షిత చేపను వదిలినవాడికీ ఇవ్వాలి. వేరావల్ పద్ధతిలో, ఫొటో చాలునని చెప్పి, నెల తిరక్కముందే ఖాతాలో వెయ్యాలి. వేల్ షార్క్‌కే కాకుండా రంపపు సొరకు, గిటారు ఆకారపు పెద్ద టేకుకు, జాబితాలో ఉన్న మిగతావాటికీ ఇవ్వాలి. ప్రతి రేవులో, పాట జరిగే చోట, వదిలెయ్యవలసిన చేపల రంగు బొమ్మలు, ఆ రేవు జనం పిలుచుకునే పేర్లతో గోడ మీద వేయించాలి. ఒక గోడకు రంగు వేయించే ఖర్చు అది.

రెండోది మన వంటింట్లో ఉంది. పాల సొర పిట్టు అంటే నాకూ ప్రాణమే. పసుపేసి ఉడికించి, గరుకు తోలు ఒలిచి, ముక్కను పొడిపొడిగా చిదిమి, నీళ్లు పిండి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి వేయించిన మూకుట్లో వేసి దగ్గరకు రానిస్తే వేడన్నంలోకి ఇంకేం కావాలి. బాలింతకు పాలు పడతాయని పెట్టడం ఆచారం. ఇదివరకు ఇది రేవు పక్క ఇళ్ల కూర. ఇప్పుడు హోటళ్ల బోర్డుల మీదకెక్కింది, ఫోనులో ఆర్డరిస్తే ఇంటికొస్తుంది. అగ్గువ చేపకు గిరాకీ వచ్చింది. వలలో పొరపాటున పడే సొర వేరు, గిరాకీ ఉందని తెలిసి వెతికి పట్టే సొర వేరు. ఆ గిరాకీని పెంచేది మనమే.

బాలింతల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. సొర వేటాడే చేప. తను తిన్న చేపల్లోని పాదరసం దాని ఒంట్లో పోగవుతుంది. చేప ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడని చేపల జాబితాలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ సొరను పెట్టింది. చిన్న పాల సొరలో పెద్ద సొరలో ఉన్నంత ఉండదు, నిజమే. కానీ మూకుట్లో చిదిమిన ముక్క చిన్నదాందో పెద్దదాందో హోటల్లో ఎవరు చెబుతారు? బాలింతకు పెట్టడానికి కానాగంతలున్నాయి, కవ్వలున్నాయి. అవి చవక, ఇంతటి అనుమానమూ లేదు.

సొర తినడం మానెయ్యమని నేననను. చిన్న జాతి సొరలు కొన్ని ఉన్నాయి, మూరెడున్నరకే అవి పెద్దవయినట్టు. కొంచెం తొందరగానే ఈడుకొస్తాయి, మిగతా సొరల కంటే వేటను తట్టుకోగలవు. అందుకే 'చిన్నది కొనొద్దు' అని ఒక్క ముక్కలో చెప్పే సలహా సొర విషయంలో పనికిరాదు. మూరెడు చేప ఒక జాతిలో తల్లి, మరో జాతిలో పసిగుడ్డు. శాస్త్రవేత్తలు జాతివారీగా కనీస పరిమాణం చెప్పగలరు. కేరళ కొన్ని చేపలకు అలా నిర్ణయించి అమలు చేస్తోంది. మన రాష్ట్రమూ చెయ్యాలి. అది జరిగేదాకా ఏ చదువూ లేకుండా ఎవరైనా గుర్తుపట్టగల సొర ఒకటుంది. తల సుత్తిలా అడ్డంగా ఉంటుంది, రెండు కొసలా రెండు కళ్లు. మా వైపు కొమ్ము సొర అంటారు. అందులో పెద్ద జాతులు రెండు ప్రపంచమంతటా అంతరించే అంచున ఉన్నట్టు ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తేల్చింది. వాటి అంతర్జాతీయ వ్యాపారం మీద 2014 నుంచి సైటిస్ ఒప్పందం కింద అదుపు ఉంది. కాకినాడ బజారులో ఆ అదుపు లేదు. పెరిగితే మనిషిని మించిపోయే చేప అది. గంపలో మూరెడు సుత్తి తల కనిపించిందంటే అది పసిపిల్లేనని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

కాబట్టి ఆదివారం చేపల బజారుకు వెళ్లే పాఠకులకు నాది ఒక్కటే మనవి. గంపలో సుత్తి తల పిల్ల కనబడితే కొనకండి. బేరమాడి ధర కుదరక వెళ్లిపోయినట్టు వెళ్లిపోకుండా, ఎందుకు కొనడం లేదో ఆ అమ్మే ఆవిడకు చెప్పి రండి. ఏ చేప మిగిలిపోయిందో, ఎందుకు మిగిలిపోయిందో ఆవిడ మర్నాడు తెల్లవారుజామునే రేవులో పాట దగ్గర చెబుతుంది. ప్రభుత్వ ఉత్తర్వుకన్నా ముందు ఆ మాట బోటు సరంగుకు చేరుతుంది.